మధ్యలో మనిషి లేని సర్వర్

నాకు అనుమానం ఎక్కువ. గుడికి వెళ్తే ఒక చెప్పు తూర్పు ద్వారం దగ్గర, రెండోది ఉత్తరం ద్వారం దగ్గర విడిచేవాణ్ణి, జత లేని చెప్పును ఎవడూ ఎత్తుకుపోడని. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో నాతో గది పంచుకున్న మిత్రుడు, నేను నా నీడను కూడా గుర్తింపు కార్డు అడుగుతానని నలుగురిలో చెప్పి నవ్వించేవాడు. అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. ఆ భూతమే నాకు అన్నం పెట్టింది. ప్రోగ్రాములు రాసేవాడికి అనుమానం లేకపోతే ఉద్యోగం రెండో నెల దాటదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నేను ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో పనికి కుదిరాను. ఓనరుది మా నల్లగొండ జిల్లానే. లారీ డ్రైవరుగా మొదలై ఐదు బస్సులు సంపాదించిన మనిషి. ఆ బస్సులు కూకట్‌పల్లిలో బయల్దేరి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మీదుగా సూర్యాపేట, కోదాడ, విజయవాడ పోయేవి. నాలుగు చోట్ల నాలుగు కౌంటర్లు, సీట్ల చార్టు మాత్రం కాగితం మీద. ఒక కౌంటర్ పన్నెండో నంబరు అమ్మితే మిగతా మూడింటికి ఫోన్ చేసి చెప్పాలి. చెప్పేలోపే ఇంకొకరు అదే సీటు అమ్మేసేవారు. ఎల్‌బీ నగర్ దాటాక ఒక సీటు కోసం ఇద్దరు ఒకరి గల్లా ఒకరు పట్టుకునేవారు. దీనికేదైనా మందు చూడమన్నాడు ఓనరు.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి చూపించారు. దాన్ని విప్పి చూశాను. కౌంటర్లోని బ్రౌజర్ ఏదైనా అడిగితే ముందు ఒక సర్వర్ వినాలి, అది ఇంకో ప్రోగ్రాముకు చెప్పాలి, ఆ ప్రోగ్రాము మరొకదాన్ని లేపాలి, చివరికి ఎవరో డేటాబేస్‌ను అడుగుతారు. జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. ఇంతమంది చేతులు మారిన మాటను నేనెలా నమ్మేది? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మా నాయనమ్మ అనేది. డేటాబేసే దేవుడు, బ్రౌజరే భక్తుడు, మధ్యలో పూజారే వద్దనుకున్నాను.

అలా రాసిందే నా సర్వర్. ఒకే ఒక ప్రోగ్రాము, ఎవరి సాయమూ అడగనిది. బ్రౌజర్లో కొట్టిన వెబ్ అడ్రసు రాగానే, ఆ కౌంటర్ పాస్‌వర్డ్ సరిచూసి, నేను ముందే రాసిపెట్టిన ప్రశ్నల్లో సరైనదాన్ని తీసి డేటాబేస్‌ను నేరుగా అడిగేది. వచ్చిన వరసల్ని వచ్చినట్టే పంపేది. చార్టు గీసుకోవడం బ్రౌజర్ పని. మొత్తం కలిపినా ఫోన్లో తీసిన ఒక ఫొటోకంటే తక్కువ బరువు. ఆఫీసు టేబుల్ కింద ఒక పాత కంప్యూటర్లో పెట్టాను. కరెంటు పోయి వచ్చాక, ఫ్యాను రెక్కలు ఊపందుకునేలోపే అది లేచి పని మొదలుపెట్టేది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇంకొకటి కూడా చేశాను. ఏ కౌంటర్ ఎన్ని గంటలకు ఏ సీటు ముట్టుకుందో, ఏ పేరు రాసిందో, ఏ పేరు తుడిచిందో వరసగా ఒక ఫైలులో పడేలా పెట్టాను. దాన్ని లాగ్ అంటాం. పొద్దున్నే అందరూ పేపరు చదివితే నేను లాగ్ చదివేవాణ్ణి. మనుషులు చెప్పేది వేరు, చేసేది వేరు, లాగ్ మాత్రం చేసిందే చెబుతుందని నా గట్టి నమ్మకం.

ఎల్‌బీ నగర్ కౌంటర్లో కూర్చునేది యాభై దాటిన ఒక కృష్ణా జిల్లా మనిషి. ఓనరుకు ఒక్క బస్సు ఉన్నప్పటి నుంచి, ఇరవై ఏళ్లుగా, ఆయన దగ్గరే బుకింగ్ క్లర్కు. మీర్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కీబోర్డు మీద ఒక్క వేలితో కొట్టేవాడు. ఎంటర్ నొక్కే ముందు గోడ మీది అమ్మవారి ఫొటో వైపు ఒకసారి చూసేవాడు. నేర్పడానికి వెళ్లిన రోజు అంతా విని చివర్లో ఒక్కటే అడిగాడు.

"ఏవండీ, ఓ సీటు పక్కన పెట్టుకోవాలంటే ఇందులో ఎలాగండి?"

"పక్కన పెట్టుడు లేదు సార్. పేరు, వయసు, దిగే ఊరు, ఫోన్ నంబర్ రాస్తే బుక్ అయితది. లేకుంటే ఖాళీ."

తల ఊపి మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు. ఎందుకు పక్కన పెట్టాలని నేనూ అడగలేదు.

అప్పటికి ఉద్యమం గల్లీ గల్లీకి వచ్చింది. ఏదో ఒక రోజు బంద్, ఏదో ఒక చోట రాస్తారోకో. బంద్ కబురు తెలిస్తే హాస్టళ్లలో మెస్సులు మూసేసేవారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే పిల్లలు సంచులు సర్దుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు చేరేవారు. మాటల తీరు కూడా మారింది. టీ కొట్టు దగ్గర కొత్తవాడు నోరు తెరవగానే యాసను బట్టి ఏ జిల్లావాడో పసిగట్టి, ఆ తర్వాతే ఏం మాట్లాడాలో తేల్చుకునేవాళ్లం. తెలంగాణ రావాలని నేను మనసారా కోరుకున్నాను, దానికి ఇప్పటికీ నాకు చింత లేదు. కానీ ఆ కోరిక పక్కన నా అనుమానం ఎప్పుడు వచ్చి కూర్చుందో గమనించలేదు.

మా చెల్లె అప్పుడు చైతన్యపురిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. మొదటి బంద్ అప్పుడు ఫోన్ చేసి, ఊరికి పోవడానికి ఒక సీటు పెట్టమని అడిగింది. నా సర్వర్‌కు అన్నాచెల్లెలు తెలియదని, పోయి లైన్లో నిలబడమని చెప్పాను. రాత్రికి ఇంటి నుంచి ఫోన్ చేసి సీటు దొరికిందని చెప్పింది. చూశావా, మధ్యలో మనిషి లేకపోతే న్యాయం దానంతటదే జరుగుతుందని ఆమెకే పాఠం చెప్పాను. ఆమె మాట మార్చి ఫోన్ అమ్మకిచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఎల్‌బీ నగర్ కౌంటర్‌కు వెళ్తే ఆ పెద్దాయన టీ తెప్పించి, "మీది నకిరేకల్ అవతలే కదండీ?" అన్నాడు. నాది నల్లగొండ జిల్లా అని ఓనరుకు తెలుసు, అంతకుమించి ఆ ఆఫీసులో ఎవరికీ నా ఊరు చెప్పలేదు. ఈయనకెవరు చెప్పారు? నా గురించి ఎందుకు ఆరా తీస్తున్నాడు? అటే అని ఒక్క ముక్కలో చెప్పి, టీ సగం వదిలేసి బయటపడ్డాను. ఆ రోజు నుంచి లాగ్‌లో ఎల్‌బీ నగర్ వరసల్ని విడిగా చదవడం మొదలుపెట్టాను.

వెతికితే దొరకనిది ఉంటుందా. ప్రతి బంద్‌కు ముందురోజు పొద్దున్నే, కౌంటర్ తెరవగానే, సాయంత్రం బస్సులో ఏడు, ఎనిమిది నంబర్ల సీట్లు బుక్ అవుతున్నాయి. పేరు ఉండాల్సిన చోట 'లేడీస్' అని ఉంది. ఫోన్ నంబర్ ఉండాల్సిన చోట ఆ కౌంటర్ సొంత నంబరే ఉంది. బస్సు ఎల్‌బీ నగర్ చేరడానికి పావుగంట ముందు ఆ పేర్లు మారిపోతున్నాయి. మామూలు రోజుల్లో ఇదేమీ లేదు. ఆడవాళ్ల పక్క సీటు మగవాళ్లకు అమ్మకూడదన్నది బస్సుల్లో అందరికీ తెలిసిన పద్ధతి కాబట్టి, 'లేడీస్' అని ఉంటే ఏ కౌంటరూ ఎవరని అడగదు. ఎంత తెలివి అనుకున్నాను. సీట్ల కరువున్న రోజు తన ప్రాంతం వాళ్లకు దాచిపెడుతున్నాడని తేల్చేశాను.

తర్వాతి బంద్ ముందురోజు కౌంటర్‌కు ఎదురుగా టీ కొట్టు చాటున నిలబడ్డాను. సాయంత్రం ఒక పొడుగాటి మనిషి వచ్చి అచ్చమైన కోస్తా యాసలో ఏదో బతిమాలాడు. పెద్దాయన కీబోర్డు మీద వేలు పెట్టి రాశాడు. ఆ మనిషి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. బస్సు రాగానే సంచి పైకి అందించాడు. ఎవరు ఎక్కారో కనిపించకముందే నా సిటీ బస్సు వచ్చింది, ఎక్కేశాను. చూడాల్సింది చూసేశాననే అనుకున్నాను.

లాగ్ కాగితాల మీద ప్రింటు తీసి ఓనరు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు వాటిని అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్క బస్సున్నప్పటి సంది నాతోని ఉన్నడు తమ్మీ. నేను దవాఖానల పడ్డప్పుడు బండ్లన్నీ ఆయనే నడిపిండు."

"అదే చెప్తున్న అన్నా. ఇన్నేండ్లు కాగితమాయె, ఎవరు చూసిండ్రు? ఆయన ఎవరి మనిషో ఇప్పుడు కనవడుతుంది."

ఓనరు ముఖంలో రంగు మారడం చూశాను. పచ్చ కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నా కామెర్లను ఆ పూట ఆయనకు కూడా అంటించాను. ఆయన ఇంటి నుంచే చార్టు చూసుకునేలా ఒక పేజీ చేసి ఇచ్చాను. డేటాబేస్‌లో ఏముందో అదే, తెర మీద.

ఎవరికీ చెప్పకుండా సర్వర్లో ఇంకో నిబంధన కూడా చేర్చాను. ప్రయాణికుడి సొంత ఫోన్ నంబర్ లేని సీటు ఏదైనా ఇరవై నిమిషాల్లో దానంతటదే ఖాళీ అయిపోవాలి. నాలుగు లైన్లు పట్టింది.

మళ్లీ బంద్ వచ్చింది, ఈసారి రెండు రోజులు. ముందురోజు పొద్దుటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో లాగ్ ముందు కూర్చున్నాను. ఎనిమిదింటికి ఏడు, ఎనిమిది నంబర్లు 'లేడీస్' అయ్యాయి. ఇరవై నిమిషాలకు ఖాళీ అయ్యాయి. ఒక నిమిషం గడవకముందే మళ్లీ 'లేడీస్'. మళ్లీ ఖాళీ, మళ్లీ 'లేడీస్'. సంగతేంటో అర్థం కాకపోయినా ఆ ఒంటి వేలు పట్టు వదల్లేదు. మధ్యాహ్నానికి లెక్క కూడా కనిపెట్టాడు, పంతొమ్మిదో నిమిషంలోనే తిరగరాయడం మొదలుపెట్టాడు. అన్నం తిన్నాడో లేదో తెలియదు. దొంగకు ఎంత మొండితనమని నేను నవ్వుకున్నాను. నాలుగు గంటలకు కౌంటర్ దగ్గర జనం మీద పడి ఉంటారు, ఒక్కసారి ఆలస్యం చేశాడు. ఆ సందులో కూకట్‌పల్లి కౌంటర్ రెండు సీట్లూ అమ్మేసింది. నేను కుర్చీలో వెనక్కి వాలి చేతులు చాపుకున్నాను.

ఇంట్లో కూర్చుని ఇదంతా చూసిన ఓనరు బండేసుకుని ఎల్‌బీ నగర్ వెళ్లాడు. గంట తర్వాత నాకు ఫోన్ చేశాడు. తాళంచెవులు బల్ల మీద పెట్టి పెద్దాయన వెళ్లిపోయాడని, ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పాడు. గొంతులో సంతోషం లేదు. మొదటి నుంచి ఆ సీట్లు ఎవరెవరికి పోయాయో అన్నీ రాసి ఇవ్వమన్నాడు. నాకు మాత్రం ఆ రోజు ఆకలి బాగా వేసింది.

బంద్ రోజు పొద్దున ఖాళీ ఆఫీసులో ఆ జాబితా తీశాను. 'లేడీస్' తర్వాత ఆ సీట్లలో వచ్చిన అసలు పేర్లు. కోస్తా ఇంటిపేర్లున్న మగవాళ్లు వరసగా వస్తారని ఎదురుచూశాను. అన్నీ ఆడపేర్లే. ఇరవై దాటని వయసులు, ఇద్దరు మాత్రం ముసలివాళ్లు. దిగేచోటు చిట్యాల, సూర్యాపేట, కోదాడ, ఒక విజయవాడ, మళ్లీ సూర్యాపేట. టీ కొట్టు చాటు నుంచి నేను చూసిన సాయంత్రం ఉన్నది విజయవాడ పోయే పద్దెనిమిదేళ్ల అమ్మాయి. దండం పెట్టింది ఆమె తండ్రి కాబోలు. అందరూ ఒంటరిగా ఎక్కినవాళ్లు, చివరి కౌంటర్లో చివరి పావుగంటలో వచ్చినవాళ్లు. ముందు మూడు కౌంటర్లు బస్సును నింపేశాక, ఎల్‌బీ నగర్లో సంచితో నిలబడే ఆడపిల్లకు మిగిలే సీటు ఆ రెండే.

జాబితాలో మొదటి బంద్ ముందురోజు రెండో వరసలో ఉన్న ఫోన్ నంబర్ నేను చూడకుండా చెప్పగలను. ఆ సిమ్ నేనే కొనిచ్చాను. మా చెల్లెకు సీటు దొరికింది న్యాయం వల్ల కాదు.

జాబితా జేబులో పెట్టుకుని మీర్‌పేట్ బయల్దేరాను. ఆటోలు లేవు, నడక. కర్మన్‌ఘాట్ దగ్గర నడిరోడ్డు మీద ఉద్యమంవాళ్ల వంటావార్పు జరుగుతోంది. పెద్ద గుండిగలో అన్నం, పప్పు. ఎవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఏ ఊరని అడగకుండా విస్తరి వేశారు. నాలుగు ముద్దలు తిని లేచాను.

పెద్దాయన ఇంటి గడప ముందు ఆడపిల్ల చెప్పుల జత ఉంది. ఆయనకు ఆడపిల్లలు లేరని విన్నాను. అప్పుడు కూడా నా బుద్ధి ఒక క్షణం అనుమానం వైపే పోయింది, దాచడం ఎందుకు. లోపల ఆయన భార్య పక్కన కూర్చుని ఒక అమ్మాయి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముందురోజు సాయంత్రం సీటు దొరకని పిల్ల, సూర్యాపేట దగ్గరి ఊరు, హాస్టల్‌కు తాళం పడింది. బస్సు వెళ్లిపోయాక చౌరస్తాలో ఏడుస్తుంటే, తాళంచెవులు బల్ల మీద పెట్టి వస్తున్న ఆయన వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చాడట.

నన్ను చూసి ఆయన కోపగించుకోలేదు. ఎండలో నడిచొచ్చానని మంచినీళ్లు ఇప్పించాడు. నేను జాబితా చేతికిచ్చి, తప్పు నాదేనని, ఇరవై నిమిషాల గడువు పెట్టింది నేనేనని చెప్పాను. ఓనరు అడిగినప్పుడు అసలు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సీట్ల సంగతి అడిగితే చెప్పేవాణ్ణే బాబూ. నువ్వు ఎవరి మనిషివి అని అడిగారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మాటకి ఏం చెప్పమంటారు?"

ఆ మాట ఓనరుది కాదు, నాది. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. సర్వర్ తప్పు ఒప్పుకోవడం తేలిక, అది నాలుగు లైన్లు. ఆయన జాబితా మడిచి నాకు తిరిగిచ్చి, మాట మార్చడానికేమో, మా చెల్లె పరీక్షలు ఎలా రాసిందని అడిగాడు. మొదటిసారి సీటిచ్చిన రోజు ఆ పిల్ల తమ ఊరు నకిరేకల్ అవతల అని, ఆ కంప్యూటర్ తన అన్నే చేశాడని ఎంతో గొప్పగా చెప్పిందట. నాకు చెబితే తిడతానని చెప్పొద్దందట. నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి లేచాను.

ఓనరుకు అంతా చెప్పాను. ఆయన స్వయంగా మీర్‌పేట్ వెళ్లి పిలిచాడు. పెద్దాయన కాఫీ ఇచ్చి సాగనంపాడు, తిరిగి రాలేదు. నేను గడువు తీసేసి, సీటు పక్కన పెట్టుకునే బటన్ ఒకటి చేర్చాను. కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రవాడికి దాన్ని చూపించి, బంద్‌కు ముందురోజు రెండు సీట్లు ఉంచమని కూడా చెప్పాను. సరే అన్నాడు. లాగ్‌లో ఆ బటన్ నొక్కిన వరస ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

తర్వాతి బంద్ ముందురోజు సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. ఎల్‌బీ నగర్లో నిలబడి ఉన్నానని, ఎప్పుడూ ఉండే అంకుల్ లేడని, కొత్తాయన సీట్లు లేవంటున్నాడని చెప్పింది. నీ కంప్యూటరే గదా, జర చూడమంది. చార్టు తెరిచాను. నలభై సీట్లకు నలభై పేర్లు, నలభై ఫోన్ నంబర్లు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

మిత్రుడి బండి తీసుకుని వెళ్లి ఆమెను వెనక్కి తీసుకొచ్చాను. చైతన్యపురి దాకా జరిగిందంతా చెప్పాను, ఎవరి మనిషో అన్న మాటతో సహా. బంద్ అయ్యేదాకా వార్డెన్‌ను బతిమాలి ఉండనిమ్మందామని హాస్టల్ ముందు బండి ఆపాను. ఆమె దిగి సంచి కిందపెట్టింది.

"గా సీట్లు ఎవరికని ఆయన్ని ఒక్కసారన్న అడిగినవా అన్నా?"

లాగ్ చూశానని చెప్పబోయాను. లేదన్నాను. ఆమె సంచి భుజానికి వేసుకుని గేటు లోపలికి నడిచింది.